సుంకం కంచె, మన మగ్గం

2012లో ఆసియాన్ దేశాలు పది, చైనా, జపాన్, మన దేశంతో కలిపి ఇంకో ఆరు, సుంకాలు తగ్గించుకొనే ఆర్‌సెప్ ఒప్పందానికి కూర్చున్నాయి. ఏడేండ్లు బేరాలు నడిచినాక, 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రభుత్వం చేరమని చెప్పేసింది. తక్కిన 15 దేశాలు మరుసటి ఏడు సంతకాలు పెట్టుకొన్నాయి.

సామల్పట్టి మగ్గానికి దీంతో ఏం పని అంటారా? 1985 రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల చీరలు, పంచెలు ఇక్కడి మరమగ్గాల మీద నేయకూడదనింది. పరదేశంలో నేసి ఓడలో వచ్చే గుడ్డకు ఆ చట్టం అడ్డం రాదు. దానికి కంచె సుంకమే. అందుకే మేము ఆ రోజు సంతోషపడినాము.

అయితే ఒక చిక్కు ఉంది. చైనా పట్టునూలు చవకగా వస్తే నేసేవాడికి నాలుగు రూపాయలు మిగులుతాయి, హోసూరు, కృష్ణగిరి పక్క పట్టుగూళ్ళ రైతు మునుగుతాడు. వాళ్ళూ మన చుట్టాలే కదా! గుడ్డ సుంకం వేరు, నూలు సుంకం వేరు అని ఢిల్లీవాళ్ళు విడివిడిగా చూడాలని మేము అడుగుతున్నాము.