బంతులు లెక్కపెట్టడం ఎప్పుడు మొదలయింది?

బేస్‌బాల్ చరిత్ర అనగానే అందరూ హోమ్ రన్‌ల రికార్డులు చెబుతారు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న: ఒక పిల్లవాడి చేత రోజుకి ఎన్ని బంతులు వేయించవచ్చు? దీనికి జవాబు రూల్ పుస్తకంలోకి ఎక్కడానికి ఈ దేశంలో దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

మన క్రికెట్‌లో బౌలర్ మోచెయ్యి విదిలించి విసిరితే అంపైర్ ఊరుకోడు. అందుకేనేమో, మన ఫాస్ట్ బౌలర్లకి ముందు నడుము పోతుంది. ఇక్కడ పిచర్ మోచెయ్యి వంచి, కొరడా ఝళిపించినట్టు విసరాలి. ఆ విసురులో పెద్ద భారం మోచేతి లోపలివైపు ఎముకలని కలిపి కట్టిన చిన్న లిగమెంట్ మీద పడుతుంది. ఎదిగే పిల్లల్లో అయితే అంతకన్నా ముందు ఎముక చివర ఇంకా గట్టిపడని భాగం దెబ్బతింటుంది. 1960లో బ్రాగ్డన్, క్రో అనే ఇద్దరు వైద్యులు దీనికి 'లిటిల్ లీగర్స్ ఎల్బో' అని పేరు కూడా పెట్టారు. 1965లో కాలిఫోర్నియాలో జోయెల్ ఆడమ్స్ అనే డాక్టరు పిల్లల మోచేతుల ఎక్స్‌రేలు తీసి, తక్కువ వేయించండయ్యా అని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఆ మరుసటి ఏడే, 1966లో, డాడ్జర్స్ పిచర్ శాండీ కూఫాక్స్ 27 ఆటలు గెలిచి, మోచేతి కీళ్ళవాతంతో 30 ఏళ్ళకే ఆట మానేశాడు. 1974లో అదే జట్టులో టామీ జాన్‌కి ఎడమ మోచేతి లిగమెంట్ తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ తీసి అక్కడ కట్టాడు. మళ్ళీ ఆడగలగడం నూటికి ఒక వంతు అన్నాడట. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. అతని 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తరవాతవే.

ఆ విజయమే ఒక చిక్కు తెచ్చిపెట్టిందని నా అభిప్రాయం. తెగితే కుట్టుకోవచ్చన్న ధీమా వచ్చేసింది. గాయం లేకపోయినా ఈ ఆపరేషన్‌తో వేగం పెరుగుతుందని నమ్మే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. (పెరగదు.)

నివారణ మీద శ్రద్ధగా పనిచేసింది అలబామాలోని బర్మింగ్‌హామ్ వాళ్ళు: డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్, గ్లెన్ ఫ్లైసిగ్. కర్వ్ బాల్ పిల్లల చేతుల్ని పాడుచేస్తుందని అందరూ అనేవారు. వాళ్ళ ప్రయోగశాలలో కొలిస్తే, పిల్లల మోచేతి మీద ఫాస్ట్ బాల్ భారమే ఎక్కువని తేలింది. అసలు శత్రువు అలసట. 2011లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో 481 మంది పిల్లల్ని పదేళ్ళు గమనించారు. ఏడాదికి 100 ఇన్నింగ్స్ మించి వేసినవాళ్ళకి తీవ్రమైన గాయం అయే అవకాశం మూడున్నర రెట్లు.

అంతకుముందే, 2007లో, లిటిల్ లీగ్ ఇన్నింగ్స్ లెక్క మానేసి బంతుల లెక్క పెట్టింది. ఒక ఇన్నింగ్స్ ఎనిమిది బంతుల్లో ముగియవచ్చు, ముప్ఫై కూడా పట్టవచ్చు కదా! 11, 12 ఏళ్ళ వాళ్ళకి రోజుకి 85. 66 గాని, ఆ పైన గాని వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి.

మా ఊళ్ళో ఆ లెక్క క్లిక్కరుతో నొక్కే వాలంటీర్లలో నేనొకణ్ణి. అయితే మేజర్, మైనర్ లీగుల్లో కలిపి 2010లో 104 ఉన్న ఈ ఆపరేషన్లు 2024కి 281 అయాయని మేజర్ లీగ్ నివేదికే చెప్పింది. వేగం మీద మోజు, ఏడాది పొడుగునా ఆట అందులో చెప్పిన కారణాలు. శనివారం మాకు వేసి, ఆదివారం ట్రావెల్ టీముకి వేసే పిల్లలున్నారు. అక్కడి బంతులు నా క్లిక్కరుకి తెలియవు. అందుకని ఆటకి ముందే "నిన్న ఎక్కడ ఆడావు, నాన్నా?" అని అడుగుతున్నాను. కొందరు వెంటనే చెప్పేస్తారు. కొందరు ముందు వాళ్ళ నాన్న వైపు చూస్తారు.