తడి పలకా, పొడి పలకా?

నక్షత్రాల ఫొటోలు తీసేవాళ్లలో ఒక తగవు ఈనాటికీ తెగలేదు. ఎక్కడో దూరాన మసగ్గా మెరిసే నీహారికల్ని పట్టాలంటే కెమెరాలో ఏ సెన్సార్ ఉండాలి? బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కనక, నాకు ఆ తగవు పుట్టిల్లు చూడాలనిపించింది. తీరా చూస్తే అందులో ఇల్లాళ్ల చేతులున్నాయి!

ఆ రోజుల్లో సెన్సార్ అంటే గాజుపలకే. 1851లో వచ్చిన పద్ధతి ప్రకారం పలకకి కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరేలోగా ఫొటో తీసెయ్యాలి. పెసరట్టులాగా అప్పటికప్పుడే అన్నమాట. చందమామకి అది చాలు. నీహారికకి చాలొద్దూ? 1871లో రిచర్డ్ మాడక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్ పలక దారి చూపించాడు. ఇది వడియాల బాపతు: ముందే చేసి దాచుకోవచ్చు, గంటసేపైనా వెలుగుకి పెట్టచ్చు.

న్యూయార్కులో హెన్రీ డ్రేపర్ 1867లో అన్నా పామర్‌ని పెళ్లాడాడు. ఆయన దూర్బీను చూసుకుంటే, తడిపలకలకి కొలోడియన్ పూసింది ఆవిడే. 1879లో లండన్‌లో విలియం హగ్గిన్స్ ఆయనకి పొడిపలకల సంగతి చెప్పాడు. ఆ ఇంట్లోనూ భార్య మార్గరెట్ ఫొటోల పనిలో సహచరే! 1880 సెప్టెంబరు 30 రాత్రి డ్రేపర్ పొడిపలకని 51 నిమిషాలు తెరిచి ఉంచి ఓరియన్ నీహారికని పట్టాడు. నీహారికకి అదే మొదటి ఫొటో.

రెండేళ్లకే, 45వ ఏట, ఆయన పోయాడు. అన్నా ఏడుస్తూ కూర్చోలేదు. 1886 నుంచి హార్వర్డ్ వేధశాలకి డబ్బిచ్చి పని సాగించింది. దాచిన పలకల్ని అక్కడి ఆడవాళ్లు భూతద్దాలతో చదివారు. ఆనీ కానన్ ఒక్కతే రెండు లక్షలపై చిలుకు నక్షత్రాలకి తరగతులు కట్టింది. మన బేగంపేటలోని నిజామియా వేధశాల కూడా ఆకాశపటంలో తన వాటాని ఇలాంటి పలకలతోనే తీర్చింది.

1969లో బెల్ ప్రయోగశాలలో సి.సి.డి. పుట్టాక పలకలు మూలపడ్డాయి. నూరు వెలుగు కణాల్లో పలక పట్టేది ఒకటో రెండో, మంచి సి.సి.డి. ఎనభైకి పైగా పడుతుంది. అయినా ఎంపిక సూత్రం మారలేదండీ: చీకట్లో ఎక్కువసేపు ఓపిగ్గా ఉండి, వచ్చిన కాస్త వెలుగునీ పారబోసుకోనిదే మేలు.

ఆ నక్షత్రాల నంబర్ల ముందు ఇప్పటికీ ‘హెచ్.డి.’ అని ఉంటుంది, హెన్రీ డ్రేపర్ అని. హెచ్ ఆయనదే, కాదనను. డి మాత్రం ఇద్దరి ఇంటిపేరూను!