పెట్టుబడి బ్యాంకులో రెండు నెలలు: పని నేర్చుకునే చోటు ఎవరికి దొరికింది?

మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూనో, ఇంటి వ్యవసాయం చూసుకుంటూనో ఈ పాఠం చదువుతుంటారు. పని, చదువు కలిసి సాగడం మీకు కొత్త కాదు. చదువు మధ్యలో కొద్దికాలం ఒక సంస్థకు వెళ్లి పని నేర్చుకొని రావడాన్ని ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నాం. ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో 2020-21లో డిగ్రీలో చేరినవారి నుంచి ఇది తప్పనిసరి అయింది. మొదటి సంవత్సరం తరువాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తరువాత రెండు నెలల స్వల్పకాల శిక్షణ, ఆపైన ఒక సెమిస్టరు మొత్తం పనిలోనే. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో బి.కాం. చదివే విద్యార్థి ఆ రెండు నెలలకు ఎక్కడికి వెళ్లగలడు? ఊళ్లోని బ్యాంకు శాఖ, ఆడిటరు ఆఫీసు, సహకార సంఘం వెంటనే తోస్తాయి. పెట్టుబడి బ్యాంకు తోచదు. ఎందుకు తోచదన్న ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది.

ముందు పెట్టుబడి బ్యాంకు అంటే ఏమిటో చూద్దాం. మీరు పాసుపుస్తకం పట్టుకొని వెళ్లే బ్యాంకు వంటిది కాదు ఇది. డిపాజిట్లు తీసుకోవడం దీని ప్రధాన వ్యాపారం కాదు. కంపెనీలకు వాటాలు, రుణపత్రాలు అమ్మిపెట్టడం, ఒక కంపెనీ మరొకదాన్ని కొనేటప్పుడు వెలకట్టి సలహా ఇవ్వడం దీని పని. అమ్ముడుపోని వాటాలను తానే తీసుకుంటానని హామీ కూడా ఇస్తుంది. ఈ హామీ సంగతి కోనసీమవారికి తేలిగ్గా అర్థమవుతుంది. రాబోయే దింపులో కాయ మొత్తం ఫలానా ధరకు నేనే తీసుకుంటానని అంబాజీపేట వర్తకుడు ఒక రైతుకు మాట ఇచ్చాడనుకోండి. తరువాత బజారు పడిపోతే నష్టం వర్తకుడిదే, పెరిగితే లాభమూ అతనిదే. కొబ్బరికాయ స్థానంలో కంపెనీ వాటాను ఊహించుకుంటే చాలు.

మన దేశంలో ఈ వ్యాపారానికి చట్టంలో ఉన్న పేరు మర్చంట్ బ్యాంకింగ్. 1967లో గ్రిండ్లేస్ బ్యాంకు, 1970లో సిటీబ్యాంకు, 1972లో స్టేట్ బ్యాంకు ఇందుకోసం విడిగా విభాగాలు తెరిచాయి. 1988లో ఏర్పడిన సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. మర్చంట్ బ్యాంకర్ల నియమావళి కూడా ఆ ఏడాదిదే.

అంతకుముందు మద్రాసు రాజధానిలో దీనికి దగ్గరగా ఉన్నవి ఏజెన్సీ హౌసులు. వాటిలో పేరుపొందిన అర్బత్‌నాట్ కంపెనీ జనం దగ్గర డిపాజిట్లు తీసుకొని వాటిని రకరకాల వ్యాపారాల్లో పెట్టింది. 1906 అక్టోబరు 22న దివాలా తీసింది. దాని అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడింది. ఆ దెబ్బ తరువాతే, వి. కృష్ణస్వామి అయ్యర్ వంటివారి పూనికతో, 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు మొదలైంది. మన ప్రశ్నకు సంబంధించి ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇటువంటి కంపెనీల్లో పెద్ద కుర్చీలకు మనుషులు బ్రిటన్ నుంచి, కుటుంబాల పరిచయాల మీద వచ్చేవారు. లెక్కలు రాసే గుమాస్తాలు ఇక్కడివారు. ఇద్దరూ ఒకే కప్పు కింద పనిచేసినా, పెట్టుబడి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే విద్య ఆ గుమాస్తా దాకా రాలేదు.

మరి మన ఊళ్లలో? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో డెల్టాలో పంట పెరిగింది, పంటతోపాటు అప్పు అవసరమూ పెరిగింది. వరి, కొబ్బరి వ్యాపారానికి సొమ్ము సమకూర్చింది స్థానిక వర్తకులు, మోతుబరి రైతులు. ఆ దుకాణాల్లో పని నేర్చుకోవడం అంటే చిట్టా రాయడం, ఆవర్జాలోకి ఎక్కించడం, ఎవరి మాట నమ్మవచ్చో, ఎవరికి గడువు ఇవ్వకూడదో కనిపెట్టడం. కొడుకో, మేనల్లుడో, తెలిసినవారి పిల్లవాడో షాపులో కూర్చొని చూసి నేర్చుకొనేవాడు. దీనికి పరీక్ష లేదు, ప్రకటన లేదు. కులం, బంధుత్వం కలిస్తేనే తలుపు తెరుచుకొనేది. దీన్ని మోటు పద్ధతి అని కొట్టిపారేయకండి. విద్యగా అది చాలా గట్టిది. కాకపోతే ఆ విద్య ఎవరికి అందాలో పుట్టుకే తేల్చేసేది.

ఈ పద్ధతిని మొదట కదిలించినవి తెలుగువారి సొంత బ్యాంకులు. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న వ్యాపారం ప్రారంభించింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అయితే అసలు మార్పు 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయకరణతో వచ్చింది. ఆ ఏడాది చివరలో లీడ్ బ్యాంకు పథకం మొదలైనప్పుడు తూర్పుగోదావరి జిల్లా బాధ్యత ఆంధ్రా బ్యాంకుకు అప్పగించారు. 1980 ఏప్రిల్ 15న అదీ జాతీయం అయింది. 1969లో దేశం మొత్తంమీద 8,262గా ఉన్న బ్యాంకు శాఖలు 1990 నాటికి దాదాపు 60,000 అయ్యాయి. ఇన్ని శాఖలకు మనుషులు కావాలి. 1970ల చివరి నుంచి నియామక బోర్డులు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి, రిజర్వేషన్లు పాటించి వారిని తీసుకున్నాయి. ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో పంటు మీద గౌతమి దాటి కాకినాడ వైపు వెళ్లే కుర్రాడికి బ్యాంకులో ఎవరూ తెలియకపోయినా ఫరవాలేదు. పేపరులో ప్రకటన, పోస్టులో దరఖాస్తు, చేతిలో హాల్‌టికెట్టు ఉంటే చాలు. చేరాక ప్రొబేషన్‌లో జీతం తీసుకుంటూనే పని నేర్చుకున్నాడు. వర్తకుడి దుకాణానికి, ఈ బ్యాంకుకు ఉన్న తేడాల్లో నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

ఇంటర్న్‌షిప్ చరిత్ర వేరే దారిలో వచ్చింది. ఆ మాట మొదట వైద్యులది. మనం హౌస్ సర్జన్ అనే వారే ఇంటర్న్‌లు. చదువు మధ్యలో కార్ఖానాకు పంపే పద్ధతిని అమెరికాలో సిన్సినాటీ విశ్వవిద్యాలయం 1906లో ప్రారంభించింది. మద్రాసులో అర్బత్‌నాట్ కూలిన సంవత్సరమే అది! తరువాతి కాలంలో పెట్టుబడి బ్యాంకులు దీన్ని నియామకానికి మార్గంగా మలచుకున్నాయి. వేసవిలో కొన్ని వారాలు విద్యార్థిని పిలుస్తారు. అతను కంపెనీల లెక్కలు సేకరిస్తాడు, ఒకే రకం వ్యాపారం చేసే సంస్థల విలువలు పోల్చి పట్టికలు వేస్తాడు, ఖాతాదారుకు చూపించే స్లైడ్లు దిద్దుతాడు. నచ్చితే చదువు ముగిశాక ఉద్యోగం ఇస్తారు. అంటే కంటికి శిక్షణలా కనిపించేది నిజానికి సుదీర్ఘమైన ఇంటర్వ్యూ. అందుకే పిల్లలు రాత్రిళ్లు కూడా కుర్చీ వదలరు. 2013 ఆగస్టులో లండన్‌లో ఒక బ్యాంకులో వేసవి శిక్షణలో ఉన్న 21 ఏళ్ల విద్యార్థి చనిపోయాడు. మరణానికి కారణం మూర్ఛ అని, అలసట దాన్ని ప్రేరేపించి ఉండవచ్చుగాని ఖాయంగా చెప్పలేమని విచారణాధికారి తేల్చారు. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన వేసవి ఇంటర్న్‌లు అర్ధరాత్రి లోపు ఆఫీసు వదలాలని, ఉదయం 7 గంటలకు ముందు రాకూడదని నియమం పెట్టింది. ఇటువంటి నియమం అవసరం పడిందంటే అంతకుముందు ఎలా ఉండేదో ఊహించండి.

బ్రిటన్‌లో అలన్ మిల్‌బర్న్ అధ్యక్షతన వేసిన సంఘం 2009లో మరో సంగతి ఎత్తి చూపింది. మంచి వృత్తుల్లోకి వెళ్లే ఇంటర్న్‌షిప్‌లు తరచు పరిచయాల మీదే దొరుకుతున్నాయని, జీతం లేకుండా పెద్ద నగరంలో ఉండగలిగినవారే వాటిని చేయగలుగుతున్నారని చెప్పింది. మన వర్తకుడి దుకాణం గుర్తొచ్చిందా? మేనల్లుడి బదులు తండ్రి స్నేహితుడి కొడుకు వచ్చాడు, అంతే. మన దేశంలో 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద తీసుకొనేవారికి స్టైపెండు ఇవ్వవలసిందే. ఇంటర్న్ అనే పేరుతో తీసుకొనేవారికి ఆ చట్టం వర్తించదు. పేరులో తేడాయే కదా అనుకోకండి. 2023లో స్టేట్ బ్యాంకు 6,160 అప్రెంటిస్ స్థానాలకు బహిరంగ ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి, నెలకు 15,000 రూపాయల స్టైపెండు ప్రకటించింది. రాజోలు విద్యార్థికి ఈ దారి కనిపిస్తుంది. ముంబయి పెట్టుబడి బ్యాంకులో ఖాళీ ఉన్నదన్న మాటే అతని చెవిన పడదు.

కోనసీమకు ఆ ఆఫీసులతో సంబంధం లేదా? ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం. ఇక్కడి నేల కింద కృష్ణా-గోదావరి బేసిన్ చమురు, సహజవాయువు ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఈ రెండు సంవత్సరాల మధ్య, 2004 మార్చిలో, కేంద్ర ప్రభుత్వం ఓఎన్‌జీసీలో తన వాటాలో కొంత, కంపెనీ మూలధనంలో 10 శాతం, జనానికి అమ్మింది. వాటా ధర 750 రూపాయలు, వచ్చిన సొమ్ము దాదాపు 10,500 కోట్లు. ఆ అమ్మకాన్ని నడిపినవి పెట్టుబడి బ్యాంకులే. ఇటువంటి కంపెనీకి వెలకట్టే పట్టికలో ఒక్కో బేసిన్ ఒక్కో వరుస. ఆ వరుస వెనుక పాశర్లపూడి కొబ్బరితోటలు ఉన్నాయని తెలిసిన విద్యార్థి ఆ బల్ల దగ్గర కూర్చుంటే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. బావి ప్రమాదానికి, పైపులైను మరమ్మతుకు ఎంత సొమ్ము కేటాయించారని అడగడం అతనికి సహజంగా తోస్తుంది.

గోల్డ్‌మన్ శాక్స్ 2021లో హైదరాబాదులోనూ కార్యాలయం తెరిచింది. జె.పి. మోర్గాన్‌కు అక్కడ పెద్ద కేంద్రం ఉంది. దూరం తగ్గిన మాట నిజమే. అయితే ఇటువంటి కేంద్రాల్లో ఎక్కువగా నడిచేది సాఫ్ట్‌వేర్, లెక్కలు, నష్టభయం అంచనా వంటి పనులు. కంపెనీ యజమానులతో బేరసారాలు ఎక్కువగా ముంబయిలో, న్యూయార్క్‌లో, లండన్‌లో సాగుతాయి. కాబట్టి ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ దొరికితే, సంస్థ పేరుతోపాటు ఏ విభాగమో, స్టైపెండు ఎంతో కూడా కనుక్కోండి.

అభ్యాసం: మీ ఊళ్లో 1970లలోనో 1980లలోనో బ్యాంకులో చేరి రిటైరైన వారిని ఒకరిని కలవండి. ఖాళీ సంగతి ఎలా తెలిసింది, పరీక్ష ఎక్కడ రాశారు, మొదటి నెల ఏ పని ఇచ్చారు, ఎవరు నేర్పారు అని అడగండి. తరువాత ఈ రెండు మూడేళ్లలో ఇంటర్న్‌షిప్ చేసిన విద్యార్థిని అవే ప్రశ్నలు అడిగి, ఇద్దరి జవాబులు పక్కపక్కన రాయండి. పేర్లు రాయనక్కర్లేదు, సంవత్సరాలు మాత్రం తప్పక రాయండి.