పావు తక్కువ నాలుగు

1990ల చివర నన్ను పాండిచ్చేరికి బదిలీ చేశారు. కామర్స్ చదివినవాణ్ణి, ఫ్రెంచి ముక్క రాదు. మా శాఖలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునే పెద్దలు కొందరు ఖాతాదారులు. వారిలో ఒకాయన యానాంలో పుట్టిన తెలుగువారు. తెలుగు వినపడేసరికి నా సీటు దగ్గరికే వచ్చేవారు. ఆయన చలవ వల్ల సాయంత్రాలు నాకు ఫ్రెంచి పాఠాలు మొదలయ్యాయి. ఫీజు తీసుకోలేదు. మా ఇంట్లో కాఫీ మాత్రం తాగేవారు.

మొదటి పాఠం వేళ చెప్పడం. ఇది మనకు కొత్తేమీ కాదు. మూడు ముప్పావుని ఫ్రెంచివాడు ‘నాలుగు గంటలు, పావు తక్కువ’ అంటాడు. మన పావు తక్కువ నాలుగే. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్లు రోజూ వినే ‘పావణే చార్’ కూడా ఇదే లెక్క. తమిళం, కన్నడం మాత్రం మూడుకి ముప్పావు కలుపుకుంటాయి. ఇక గంట అనే మాటకు వాళ్లు వాడే ‘ఎర్’ ఎక్కడిదో కాదు. మన పంచాంగంలోని ‘హోర’కు తోబుట్టువు. రెండూ గ్రీకు ఇంటి ఆడపడుచులే. ఒకతె లాటిన్ ఇంటి మీదుగా పారిస్ చేరింది, ఒకతె సంస్కృతం మీదుగా మన జ్యోతిష్కుల దగ్గరికి వచ్చింది.

చిక్కంతా పలకడంలో వచ్చింది. పది గంటలు ‘దిజ్ ఎర్’, రెండు గంటలు ‘దొజ్ ఎర్’. ఒకరోజు సరదాకి ఆయనతో, రేపు పదింటికి రండి, మీ పాస్‌బుక్కు పని చూస్తానని ఫ్రెంచిలో చెప్పాను. ఆయన చెవికి రెండని వినపడింది. మా క్యాషు కౌంటరు మధ్యాహ్నం రెండింటికి మూసేవారు. ఆయన సరిగ్గా రెండింటికి మెట్లెక్కారు. అప్పటికే క్యాషు లెక్క ముగించి పెట్టెకు తాళాలు వేసేశారు. మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు. ఇంట్లో భార్యకు మందులు కొనాలట. నా జేబులో ఉన్నది ఇవ్వబోతే తీసుకోలేదు. “మీరు రమ్మన్న వేళకే వచ్చానండీ, ఆయ్” అని మాత్రం అని వెళ్లిపోయారు. తిట్టినా ఇంతకంటే బాగుండేది.

ఆ సిగ్గుతోనే ఫ్రెంచివాళ్ల గడియారం కథ చదవడం మొదలుపెట్టాను. వాళ్లు వేళ విషయంలో పడ్డన్ని తంటాలు తక్కువేమీ కాదు.

విప్లవం రోజుల్లో అన్నిటినీ పదుల్లోకి మార్చాలనుకున్నారు. 1793 నవంబరు 24 నాటి శాసనం ప్రకారం రోజుకు పది గంటలు, గంటకు నూరు నిమిషాలు, నిమిషానికి నూరు సెకన్లు. మిట్టమధ్యాహ్నం అయిదు గంటలు, అర్ధరాత్రి పది. మన పాత లెక్క తెలిసినవారికి ఇందులో ఒక తమాషా కనిపిస్తుంది. ఆ కొత్త గంట మన 2 గంటల 24 నిమిషాలకు సమానం. ఘడియంటే 24 నిమిషాలు గనుక సరిగ్గా ఆరు ఘడియలు. అరవై ఘడియల రోజును పది వాటాలు వేస్తే శేషం లేకుండా సరిపోయింది.

రెండు వరసల అంకెలతో గడియారాలు కూడా తయారుచేశారు. అయినా జనం కదల్లేదు. 1795 ఏప్రిల్ 7న మీటరు, లీటరు, గ్రాములకు పేర్లు పెట్టిన చట్టమే ఈ పది గంటల లెక్కను పక్కన పెట్టింది. మీటరు గెలిచి గంట ఎందుకు ఓడింది? బట్ట కొలిచే గజం ఊరికొక రకంగా ఉండేది, వ్యాపారికీ కొనేవాడికీ రోజూ తగువే. అరవై నిమిషాల గంట మీద అటువంటి తగువు లేదు. పైగా మన దేశంలో 1957లో నయాపైసలు వచ్చినప్పుడు పాత నాణేలను ప్రభుత్వం మెల్లగా వెనక్కి తీసుకోగలిగింది. జేబులో గడియారం జనం సొంత డబ్బుతో కొనుక్కున్నది. దాన్ని పారేసి మరొకటి కొనమంటే ఎవడు వింటాడు?

తర్వాతి తగువు రైళ్లది. పూర్వం ఏ ఊరి వేళ ఆ ఊరిదే. పడమటి కొసనున్న బ్రెస్ట్‌కూ తూర్పున నీస్‌కూ సూర్యుడి లెక్కలో సుమారు 47 నిమిషాల తేడా. 1891లో దేశమంతటికీ పారిస్ వేళే చట్టమైంది. స్టేషను బయటి గడియారం కన్నా లోపలి గడియారం మాత్రం అయిదు నిమిషాలు వెనక నడిచేది, ఆలస్యంగా వచ్చే ప్రయాణికుడికి రైలు దొరకాలని! ఇంత దయగల గడియారం మరెక్కడా వినలేదు.

1884లో వాషింగ్టన్ సభ గ్రీనిచ్‌ను ఒప్పుకున్నప్పుడు ఫ్రాన్సు ఓటు వేయలేదు. చివరికి 1911లో తలవంచక తప్పలేదు. కాని చట్టంలో గ్రీనిచ్ అనే మాటే రాయలేదు. ఫ్రాన్సు వేళ అంటే పారిస్ వేళకు 9 నిమిషాల 21 సెకన్లు తక్కువ అని రాసుకున్నారు. అప్పిచ్చినవాడి పేరు లేకుండా అంకె మాత్రం వేసుకున్న చిట్టా అది. మా ఆడిటర్లు చూస్తే ఊరుకోరు.

పారిస్ వేధశాలకు మరో బాధ. టైమెంతని ఊళ్లోవాళ్లు ఫోను చేస్తూ ఉంటే అక్కడి లైను ఖాళీ ఉండేది కాదు. దాంతో 1933 ఫిబ్రవరి 14న మాట్లాడే గడియారం పెట్టారు. మొదటి రోజే లక్షా నలభై వేల పిలుపులు వస్తే, ఇరవై వేలకే జవాబు దొరికిందట. ఆ గొంతు 2022 జూలై 1న మూగబోయింది.

పది, రెండు అన్న గొడవకు మందు కూడా రైళ్లవాళ్ల దగ్గరే దొరికింది. 1912 నుంచి వాళ్లు ఇరవైనాలుగు గంటల లెక్క పట్టుకున్నారు. సెలవులు అయ్యాక మా పెద్దాయన డబ్బు తీసుకుని, నా బల్ల మీది వోచరు వెనక ‘14’ అని రాసి, పక్కన ‘కతోర్జ్ ఎర్’ అని తెలుగులో రాసి పెట్టారు. అప్పటి నుంచి మధ్యాహ్నం రెండింటికి నేను ఆ మాటే వాడేవాణ్ణి. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టి, “ఆయ్, పద్నాలుగింటికి వస్తానండీ” అనేవారు. వచ్చేది మాత్రం ఒంటిగంటన్నరకే.