తుండుగుడ్డ కింద జీతం

"మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?"

ఉద్యోగం మారదామనుకున్న ప్రతిసారీ రిక్రూటర్ ఫోన్ చేసి నన్ను అడిగే ప్రశ్న ఇది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ పెట్టేవాళ్ళే ముందుగా అడుగుతున్నారు, సంతోషించాలి కదా! కానీ ఆ పోస్టుకు ఎంతవరకూ ఇవ్వొచ్చో సాధారణంగా వాళ్ళకి ముందే తెలుసు. ధర తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళని ధర అడగడం, అదీ ఈ బేరం. పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు, పక్కవాళ్ళకి ధర తెలియకుండా. అక్కడ కనీసం బేరమాడే ఇద్దరికీ తెలుస్తుంది.

ఈ గుడ్డ ఎవరు కప్పారు? మన ఐటీ ఆఫీసుల పద్ధతులు చాలామటుకు అమెరికా నుంచి వచ్చినవే కాబట్టి అక్కడే వెతికాను.

1919 అక్టోబరులో న్యూయార్కులోని 'వానిటీ ఫెయిర్' పత్రిక యాజమాన్యం ఒక మెమో పంపింది: ఉద్యోగులు తమ జీతాల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అక్కడ పనిచేస్తున్న డొరొతీ పార్కర్, రాబర్ట్ బెంచ్లీ, రాబర్ట్ షెర్వుడ్ ఏం చేశారంటే, తమ జీతమెంతో అట్టల మీద రాసి మెడలో వేలాడదీసుకుని ఆఫీసంతా తిరిగారు. ముగ్గురూ తర్వాత పెద్ద రచయితలుగా పేరు తెచ్చుకున్నారు. నాకు మాత్రం వాళ్ళు రాసినవాటన్నిటికంటే ఆ అట్టలే ఎక్కువ ఇష్టం.

1935లో వచ్చిన జాతీయ కార్మిక సంబంధాల చట్టం చాలామంది ప్రైవేటు ఉద్యోగులకు జీతాల గురించి మాట్లాడుకునే హక్కు ఇచ్చింది. హక్కు వచ్చింది గానీ అలవాటు పోలేదు. లిల్లీ లెడ్‌బెటర్ 1979లో అలబామాలోని గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో చేరింది. అదే పని చేసే మగవాళ్ళకంటే తన జీతం తక్కువని ఆమెకు తెలిసింది 1998లో, ఎవరో పేరు లేకుండా పెట్టిన చీటీ వల్ల. కోర్టుకెళితే, 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆలస్యమైపోయిందంది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయాల్సిందట. తెలియని విషయం మీద ఎలా ఫిర్యాదు చేస్తారు? 2009లో ఆమె పేరుతోనే చట్టం చేసి ఆ చిక్కు తీర్చారు.

ఇంకో కేసు మన కథకి మరీ దగ్గర. 2009లో ఐలీన్ రిజో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీ విద్యాశాఖలో లెక్కల కన్సల్టెంట్‌గా చేరింది. అక్కడి నియమం ఒకటే: పాత జీతం మీద 5 శాతం. అలా కలిపినా ఆమె వాళ్ళ జీతాల పట్టికలో అట్టడుగు మెట్టుకి కూడా అందలేదు, దాంతో ఆ మెట్టు మీదే కూర్చోబెట్టారు. 2012లో ఒకరోజు భోజనాల దగ్గర కొత్తగా చేరిన మగ సహోద్యోగి మాట్లాడుతుంటే తెలిసింది, అతను మొదలైందే తొమ్మిదో మెట్టు దగ్గర! పాత జీతాన్ని సాకుగా చూపి ఆడవాళ్ళకి తక్కువ ఇవ్వకూడదని అప్పీళ్ళ కోర్టు 2018లో తీర్పిచ్చింది. కానీ తీర్పు రాసిన జడ్జి అది వెలువడేలోపే చనిపోయాడని 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2020లో అప్పీళ్ళ కోర్టు మళ్ళీ ఆమె పక్షానే నిలిచింది.

అంటే పాత జీతం అమాయకమైన అంకె కాదు. ఎప్పుడో ఎవరో తక్కువ కట్టిన విలువ మన వెనకే నడిచొస్తుంది. అందుకే 2016లో మసాచుసెట్స్ పాత జీతం అడగడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. తర్వాత న్యూయార్క్ నగరం, కాలిఫోర్నియా అదే దారి పట్టాయి. అప్పుడు ప్రశ్న కాలం మార్చుకుంది. "ఎంత వస్తోంది?" పోయి "ఎంత ఆశిస్తున్నారు?" మిగిలింది. అది అడగడం తప్పు కాదు మరి! దానికి జవాబుగా 2021 నుంచి కొలరాడోలో ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజ్ వేయాలన్నారు. 2023 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం రెండూ కలిపింది: పాత జీతం అడగొద్దు, రేంజ్ ముందే చెప్పాలి.

తమాషా ఏంటంటే, హెచ్-1బీ మీద అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి ఈ గుడ్డ ఎప్పుడో కొంత తొలగింది. ఆ వీసా కోసం కంపెనీ ఏ ఉద్యోగానికి ఎంత జీతమో కార్మిక శాఖకి రాసివ్వాలి, పనిచేసేచోట నోటీసు పెట్టాలి. ఆ వివరాలు ఇప్పటికీ ఎవరైనా చూసుకోవచ్చు. అదే మనిషి తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటే మళ్ళీ "కరెంట్ సీటీసీ ఎంత?"

మన దగ్గర ఆ ప్రశ్నని ఆపే కేంద్ర చట్టం లేదు. పేస్లిప్పులు కూడా అడుగుతారు కాబట్టి అబద్ధం చెప్పమని ఎవరికీ చెప్పను. పిల్లల కోసం రెండేళ్ళు ఆగి తిరిగొచ్చిన అమ్మాయికీ, చిన్న ఊళ్ళో తక్కువ జీతంతో మొదలుపెట్టిన అబ్బాయికీ పాత అంకె మీద 'హైక్' అంటే పాత నష్టం మీద వడ్డీయే.

అందుకే ఇప్పుడు నేనిచ్చే జవాబు ఇది: "ఈ పోస్టుకు మీ బడ్జెట్ రేంజ్ చెప్పండి, అందులో నేనెక్కడ సరిపోతానో మాట్లాడుకుందాం." గట్టిగా పట్టుబడితే, అదే పని చేస్తున్న నలుగురిని కనుక్కుని, పనికి తగ్గ రేంజ్ చెబుతాను, పాత జీతానికి శాతాలు కట్టి కాదు. అయితే ఆ నలుగురూ నోరు విప్పాలి. నా జీతమెంతని ఎవరైనా స్నేహితులు అడిగితే నేనూ చెప్పాలి. మెడలో అట్ట అక్కర్లేదు, టీ తాగుతూ చెప్పినా చాలు.