నందాదేవి రాజజాత్ – రూపకుండపు అస్థికలు



హిమవత్పర్వత యాత్రలనగానే మనవారికి బదరీ కేదారములు, అమరనాథము, కైలాస మానససరోవరములు స్ఫురించును. అవి యన్నియు దేవుని దర్శించుటకై పోవు యాత్రలు. దేవతను వెంటబెట్టుకొని పోయి, ఆమెను అత్తవారింటికి సాగనంపి వచ్చెడి యాత్ర ఒకటి గఢవాల దేశమున కలదు. దానికి నందాదేవి రాజజాత్ అని పేరు. జాత్ అనగా యాత్రయే. మన జాతర అను మాట దానికి బంధువే. దాక్షిణాత్యులమైన మనము అందులో చేరవచ్చునా, చేరినచో ఏ భావముతో చేరవలెను అని కొందరు భక్తులు మమ్ములను అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము ఆ యాత్ర చరిత్రలోనే ఉన్నది కనుక దానిని ఇచట వివరించుచున్నాము.

నంద యనగా పార్వతియే. అయినను గఢవాలు, కుమావూను ప్రజలకు ఆమె జగన్మాత యగుటకు ముందు ఇంటి ఆడబిడ్డ. వారి గ్రామములు ఆమెకు పుట్టినిల్లు, కైలాసము అత్తవారిల్లు. పుట్టింటికి వచ్చిన కూతురికి చీరెలు, సొమ్ములు, ఆ ఋతువున పండిన దోసకాయలు, మొక్కజొన్న కంకులు ఇచ్చి సాగనంపుదురు. జాగరములనెడి పాటలు పాడుచు స్త్రీలు కన్నీరు పెట్టుకొందురు. మన యిండ్లలో అప్పగింతల వేళ, తెలంగాణమున బతుకమ్మను నీట విడుచు వేళ కంట తడి పెట్టు తల్లులకు ఈ యాత్ర భావమును ఎవరును వ్యాఖ్యానించి చెప్పనక్కఱలేదు.

ప్రతి సంవత్సరము కురుడ్ గ్రామము నుండి దేవి డోలీ వేదినీ బుగ్యాల్ అను పచ్చికబయలు వఱకు పోయి వచ్చును. రాజజాత్ మహాయాత్ర. ఇది 12 ఏండ్లకొకమారు అని వాడుక. లెక్క చూచినచో 1968, 1987, 2000, 2014 సంవత్సరములలో జరిగినది. ఎడమ 19, 13, 14 ఏండ్లు. 2012లో అధిక భాద్రపదము వచ్చినది. 2013 జూన్ మాసమున కేదారమున మహాప్రళయము సంభవించినది. అందుచే 2014 ఆగస్టు 18న గాని యాత్ర బయలుదేరలేదు. కూతురిని పంపుటకు ఇంటి పరిస్థితులు కూడ అనుకూలింపవలెను గదా!

చాంద్‌పుర్ గఢీ రాజవంశపు శాఖవారైన కాంసువా కుఁవరులు దీనికి యజమానులు. నౌటి గ్రామ బ్రాహ్మణులు పురోహితులు. నాలుగు కొమ్ముల మేషము పుట్టినచో దేవి ప్రయాణమునకు ఇచ్ఛగించినదని భావింతురు. రింగాల్ అను కొండవెదురుతో అల్లిన ఛత్రము, వీపున కానుకల మూటతో ఆ మేషము ముందు నడుచును. కర్ణప్రయాగకు సమీపమందలి నౌటి నుండి సుమారు 280 కిలోమీటర్ల నడక. 20 దినముల కాలము. త్రోవలోని గ్రామదేవతల డోలీలు, ఛత్రములు వచ్చి కలియుచుండును. తుద గ్రామము వాణ్. అచట నందకు సోదరుడని చెప్పబడు లాటూ దేవత ఆలయము కలదు. పూజారి కూడ కన్నులకు గంత కట్టుకొని లోనికి పోవును.

వాణ్ దాటిన పిదప నియమములు కఠినములు. తోలు వస్తువులు కూడదు. పూర్వము స్త్రీలు, పిల్లలు అటుపైకి పోరాదనెడివారు. వేదినీ బయలున వేదములు రచింపబడినవని స్థానికులు చెప్పుదురు. అపౌరుషేయములకు రచన యెట్లని మేము వారితో వాదింపము. ఆడబిడ్డ పుట్టింటివారు తమ యూరి పచ్చికను గొప్పచేసి చెప్పుకొనుట సహజమే. అటుపైన పాతర్ నచౌణీ, కైలూ వినాయకము, బగువాబాసా, పిదప సుమారు 16,500 అడుగుల ఎత్తున రూపకుండము. ఆ చిన్న సరస్సు సంవత్సరములో అధిక భాగము మంచుతో కప్పబడియుండును. ఆ మీది కనుమ దాటి శిలాసముద్రము, హోమకుండము చేరవలెను. అచట మేషమును విడిచిపెట్టుదురు. అది ఒంటిగా కైలాసము దెసకు పోవును. జనులు సుతోల్ మీదుగా దిగి వత్తురు.

ఇక రూపకుండమును గూర్చి నిదానముగా చెప్పవలసియున్నది. ఆ సరస్సు గట్టున వందలకొలది మనుష్యుల అస్థికలు కలవు. జాగరములలో దానికి ఒక కథ కలదు. కనౌజు రాజు జసధవళుడు గర్భవతియైన రాణి బలంపాతోను, నర్తకులతోను యాత్రకు వచ్చెనట. నర్తకులు ఆడిన చోటు పాతర్ నచౌణీ. రాణి మార్గమధ్యమున ప్రసవించెను. నియమభంగమునకు కినిసిన దేవి ఇనుపగుండ్లవంటి వడగండ్లు కురిపింపగా పరివారమంతయు హతమైనదని పాట.

1942లో హరికృష్ణ మధ్వాల్ అను అటవీ అధికారి ఈ అస్థికలను గూర్చి లోకమునకు తెలిపెను. అది యుద్ధకాలము, జపాను సైనికులేమోనని భయపడిరి. టిబెట్టు నుండి తిరిగివచ్చుచు మరణించిన జోరావర్ సింగు సైన్యమని మఱికొందరు తలచిరి. 1950 దశకమున ఆ చోటికి పోయి పరిశీలించినవారిలో మన తెలుగువారు ఒకరుండిరి. ఆయనయే స్వామి ప్రణవానంద. పూర్వాశ్రమమున కనకదండి వేంకట సోమయాజులు. 1896లో గోదావరి సీమలో జన్మించిరి. కైలాస మానససరోవరములను ఎన్నోమార్లు సేవించి గ్రంథము వ్రాసినవారు. 1976లో పద్మశ్రీ పొందినవారు. ఇవి జసధవళుని యాత్రాపరివారపు అస్థికలేయని ఆయన నిశ్చయించిరి. సైన్యమని లోకమనుకొనుచుండగా, యాత్రికులని పాటను నమ్మి పలుకుట ఆ సన్న్యాసి సాహసము.

అందులో సత్యమెంత? కొన్ని కపాలములపై గుండ్రని వస్తువు పైనుండి తగిలిన దెబ్బలు కానవచ్చినవి; వడగండ్ల మాట అందుచే బలపడినది. తోలు చెప్పులు కూడ దొరకినవి. అయితే 2019లో హైదరాబాదు సి.సి.ఎం.బి. సంస్థతో కూడి పలు దేశముల శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన కథను మఱొక మలుపు త్రిప్పినది. పరీక్షింపబడినవారు 38 మంది. పురుషులు 23, స్త్రీలు 15. వారిలో 23 మంది భారతదేశ సంతతివారు. వారును ఒక్క జాతివారు కారు, ఒక్క కుటుంబమువారు కారు. 7వ శతాబ్ది నుండి 10వ శతాబ్ది వఱకు వేర్వేరు సమయములందు మరణించినవారు. 14 మంది గ్రీసు, క్రీటు ప్రాంతముల వారికి దగ్గఱివారు. వారి మరణము సుమారు 1800 ప్రాంతమున. మిగిలిన ఒక్కరు ఆగ్నేయాసియా సంతతి.

కనుక ఒక్క రాజు, ఒక్క రాత్రి అను కథ అక్షరాల నిలువదు. శాస్త్రజ్ఞులు కాదన్నదానిని భక్తి పేర పట్టుకొని వ్రేలాడుట మాకు సమ్మతము కాదు. కాని పాట సర్వమును అబద్ధమనుటయు తొందరపాటే. ఆ త్రోవ ప్రధాన వర్తకమార్గము కాదు. స్త్రీలున్నారు కనుక సేన కాదు. సమీప దేవాలయములందు 8 నుండి 10 శతాబ్దుల నాటి శాసనములు కలవు. భారతీయులైన ఆ మృతులలో కొందరైనను యాత్రికులేయని పరిశోధకులే ఊహించిరి. పలు ప్రాంతములవారు వేయేండ్లకు పూర్వమే నంద వెంట నడచి యుందురనుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యము మనకు లేదు. దాక్షిణాత్యులు చేరవచ్చునా యను సంశయమునకు అదియే ఉత్తరము. చేరువారు మాత్రము పెండ్లికి వచ్చిన చుట్టములవలె ఆ యింటి మర్యాదకు లోబడి నడువవలెను. 2018లో ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానము బుగ్యాలులయందు రాత్రి బసను నిషేధించినది. దేవి నియమము వలెనే దీనిని కూడ గౌరవింపవలసినది. నలిగిన పచ్చిక మరల మొలచుట ఆ యెత్తున మిక్కిలి కష్టము.

మా మనస్సును కలచివేయు విషయము వేఱొకటి కలదు. కొండలెక్కు వినోదమునకై వచ్చినవారు ఆ అస్థికలను జ్ఞాపికలుగా సంచులలో వేసికొని పోయిరి. వేడుకకై పేర్చి ఛాయాచిత్రములు తీసికొనిరి. దహనము లేక, పిండము లేక పడియున్న ఎముక ఎవరి తండ్రిదో, ఎవరి చెల్లెలిదో! దారిలో కనబడిన రాయికి, దానికి భేదము తెలియనివారు ఆ త్రోవ తొక్కుటెందులకు?

వారికి మనమేమి చేయగలము? తర్పణ విధిలో స్వగోత్రీకులకు ఇచ్చిన పిదప బంధువులకు, బంధువులు కానివారికి, జన్మాంతర బంధువులకు, బ్రహ్మ మొదలు గడ్డిపోచ వఱకు సర్వమునకు జలమిచ్చు ఘట్టము కలదు. చాలమంది తొందరలో దానిని ఒక్క గ్రుక్కలో చదివి లేచిపోవుదురు. రాజజాత్ జరుగు భాద్రపద మాసముననే మనకు మహాలయ పక్షము వచ్చును. ఆ దినములలో ఆ మంత్రమును ఉచ్చరించునపుడు రూపకుండమును తలంపుడని మా శిష్యులకు చెప్పుచున్నాము. ఒక బాలుడు, "గురువుగారూ, ఆ గ్రీకువారికి ఏ గోత్రము చెప్పవలెనండీ?" అని అడిగినాడు. ఆ నీటికి గోత్రము అడుగరు నాయనా, అని చెప్పి తరువాతి మంత్రము చెప్పించితిమి.