సరకు వచ్చిన దారి

క్రొత్తగా దుకాణము పెట్టదలచినవానికి ముందుగా కావలసినది పెట్టుబడి యని సామాన్యముగా అనుకొందుము. ఉప్పు, పప్పు అమ్మువాని విషయమున ఇది నిజమే. చేత సొమ్మున్నచో టోకు బజారులో బస్తాలకొలది సరకు దొరకును. కాని జనులు సరదాకొఱకు సేకరించు వస్తువులను అమ్మదలచినవాని సంగతి వేఱు. అట్టి సరకు ఎచట దొరకును? ఎవరివద్ద కొనవలెను? కొన్నది అసలైనదని ఎట్లు తెలియును? నేడు ఇంటర్నెట్టులో దుకాణము తెఱచు యువకునకును ఈ మూడు ప్రశ్నలు తప్పవు. ఇవి క్రొత్తవి కావు. తపాలా బిళ్ళల వర్తకులు నూట అఱువది యేండ్లకు పూర్వమే వీనిని ఎదుర్కొనిరి. వారి చరిత్రను ఇచట సంగ్రహముగా మనవి చేయుదుము.

ప్రపంచమున మొదటి తపాలా బిళ్ళ 1840 మే నెలలో ఇంగ్లండులో వెలువడెను. నల్లని రంగుగల ఆ పెన్నీ బిళ్ళను 6 కోట్ల 80 లక్షలకు పైగా ముద్రించిరి. సరకునకు కొదవ లేదన్నమాట. కాని అది లక్షల యిండ్లలో, పాత ఉత్తరముల కట్టలలో చెదరిపోయి యుండెను. చెదరినదానిని ఒకచోటికి చేర్చుటయే ఈ వర్తకములోని అసలు పని.

ఆ యేటనే ప్లిమత్ పట్టణమున జన్మించిన ఎడ్వర్డ్ స్టాన్లీ గిబ్బన్స్ ఈ పని నేర్చినవారిలో అగ్రగణ్యుడు. తండ్రికి మందుల దుకాణము కలదు. 1856లో అందులోనే ఒక మూల బిళ్ళల వ్యాపారము ప్రారంభమయ్యెను. ప్లిమత్ నౌకాదళమునకు నెలవైన రేవు. దేశదేశములు తిరిగి వచ్చు నావికులు ఆ వీథులలో నడచుచుందురు. 1863లో ఇద్దఱు నావికులు ఒక సంచి నిండ గుడాశాగ్రపు బిళ్ళలు తెచ్చి గిబ్బన్స్ ముందు గ్రుమ్మరించిరట. ముక్కోణాకృతి గల ఆ బిళ్ళలు ఆ వలసరాజ్యమున 1853లో మొదట వెలువడినవి. కేప్‌టౌనులో ఒక లాటరీ పందెమున అవి తమకు దక్కినవని వారు చెప్పిరి. గిబ్బన్స్ 5 పౌనులిచ్చి సంచి మొత్తము కొనెను. ఈ వృత్తాంతము ఆయన చెప్పుకొన్నదే. దీనిని అదృష్టమని కొట్టివేయుట తగదు. రేవుపట్టణమున దుకాణముండుట, బిళ్ళలు కొనువాడిచట గలడని నావికులకు తెలిసియుండుట, చూచిన వెంటనే వాని విలువ గ్రహించుట – ఈ మూడును కూడినప్పుడే ఆ సంచి ఆ బల్లమీదికి వచ్చినది.

1865లో ఆయన ధరల పట్టికను ప్రకటించెను. దానిని చూచి దూరదేశస్థులు ఉత్తరము ద్వారా బిళ్ళలు తెప్పించుకొనవచ్చును. వస్తువును చేతబట్టి చూడకయే సొమ్ము పంపవలెను. కనుక వర్తకుని మాటయే ఖాతాదారునకు ఆధారము. 1890లో ఆయన ఆ వ్యాపారమును 25,000 పౌనులకు విక్రయించెను. ఆ సొమ్ములో బిళ్ళల వెల కొంతయైనచో, పేరునకు గల వెల కొంత.

గిరాకి పెరిగినకొలది పాత ఉత్తరములు చాలకపోయెను. అప్పుడు వర్తకులు ప్రభుత్వముల వైపు చూచిరి. చెలామణి ముగిసిన బిళ్ళలు తపాలా శాఖవద్ద మిగిలిపోవును. వానిని గంపగుత్తగా కొనుట తప్పుకాదు. కాని కొన్నిచోట్ల పాత అచ్చులతో మరల ముద్రించుటయు సాగినది. ఉత్తర సముద్రములోని హెలిగోలండు ద్వీపపు బిళ్ళలు ఇందుకు తార్కాణము. బెర్లిన్, లైప్‌జిగ్, హాంబర్గు నగరములలో వానిని మరల మరల ముద్రించిరి. నేటికిని ఆ ద్వీపపు బిళ్ళ కంటబడినచో నిపుణుడు ముందుగా అనుమానించును.

దీనికంటె ఒక మెట్టు పైకెక్కినవాడు నికొలాస్ సీబెక్. ఈయన న్యూయార్కులోని హామిల్టన్ బ్యాంకు నోటు కంపెనీకి సంబంధించినవాడు. 1889 ప్రాంతమున నికరాగువా, హోండురస్, ఎల్ సాల్వడార్, ఈక్వడార్ ప్రభుత్వములతో ఒడంబడికలు చేసికొనెను. బిళ్ళలను ఉచితముగా ముద్రించి యిచ్చును. ఏటేట క్రొత్త బిళ్ళ రావలెను, పాతది చెల్లకపోవలెను, మిగిలినది ఆయనకే చేరవలెను, మరల ముద్రించుకొను హక్కును ఆయనదే. ప్రభుత్వమునకు ఖర్చు లేదు, సీబెక్‌కు సరకు కొఱత లేదు. మోసపోయినవాడు సేకర్త యొక్కడే. ఉత్తరముపై అంటించుటకుగాక ఆల్బములో అంటించుటకే పుట్టిన బిళ్ళలవి. సేకర్తలు ఊరకుండలేదు. ఇట్టి బిళ్ళలను బహిష్కరించుటకై 1895లో లండనులో ఒక సంఘము నేర్పరచిరి. సీబెక్ పేరు ఆ బిళ్ళలకే అపకీర్తి బిరుదముగా నిలిచిపోయినది.

మన హైదరాబాదు సంస్థానపు బిళ్ళలను వీనితో పోల్చిచూడవచ్చును. 1869లో మొదలైన ఆ బిళ్ళలు 1950లో సంస్థానపు తపాలా భారత తపాలాలో లీనమగువఱకు చెలామణి యయ్యెను. 1871 నాటి బిళ్ళలపై ఇతర లిపులతోపాటు తెలుగు అక్షరములును కలవు. 1931లో చార్మినారు, ఉస్మాన్ సాగరు చిత్రములతో బిళ్ళలు వెలువడినవి. జనుల ఉత్తరములను మోసి, ముద్రపడి, పాత కాగితములనుండి బయటపడిన బిళ్ళకు తన కథ తనకున్నది. సేకర్త కోరునది ఆ కథనే.

నేడు క్రొత్త వర్తకునకు దారులు మెండు. మన తపాలా శాఖవారి ఫిలాటెలిక్ బ్యూరోలు క్రొత్త బిళ్ళలను ముఖవిలువకే అమ్ముచున్నవి. పాత సేకరణలు వేలములలో దొరకును. కాగితముతో కత్తిరించిన బిళ్ళలను తూకమునకు అమ్మువారును కలరు. దేశముల పేర దొంగబిళ్ళలు అచ్చువేయువారిని అరికట్టుటకై, అధికారికముగా వెలువడిన బిళ్ళలకు సంఖ్యలిచ్చి నమోదు చేయు పద్ధతిని విశ్వ తపాలా సంఘము 2002లో ప్రారంభించినది.

దారులు పెరిగినను ప్రశ్న మాఱలేదు. చౌకగా సరకిచ్చువాడు దొరకగానే సంతసింపక, అది ఆతనికెట్లు వచ్చినదని అడుగవలెను. అడిగి తెలిసికొన్నదానిని దాచక కొనువానికి చెప్పవలెను. గిబ్బన్సును సీబెక్‌ను వేఱుచేసినది తెలివి కాదు, ఇరువురును తెలివిగలవారే. ఒకడు లోకములో నున్నదానిని వెదకి తెచ్చెను. రెండవవాడు కొఱతను తానే కల్పించి అమ్మెను. సరదా వస్తువుల బేరమున సరకు వచ్చిన దారియే సరకు విలువ యని మా అభిప్రాయము.